సరంగు ఏ వరదకి దొరికింది?

పోయినవారం మీరు ఎక్కడ ఆగారో నేనూ అక్కడే ఆగిపోయి ఉన్నాను. చేతిలో ఫోను, ఫోనులో అమలాపురం పశువుల డాక్టరు ఆనందరావు గారు పంపిన సర్టిఫికెట్టు, అందులో ‘వయసు: సుమారు ఐదు సంవత్సరాలు’ అన్న ముక్క. నా కళ్ళు ఆ ముక్క దగ్గరే అతుక్కుపోయాయి.

మధ్యలో వచ్చి చేరినవాళ్ళ కోసం నాలుగు మాటలు చెబుతాను. నా పేరు విజయదుర్గ. రాజోలు దాటి, గోదారి సముద్రంలో కలిసే వైపుకి వెళ్తే మా లంక. మా ఆయన సాయిదుర్గాప్రసాద్ విశాఖ హార్బర్లో పెద్ద బోటు మీద పనిచేస్తారు. వేట నిషేధం రోజుల్లో తప్ప ఇంటి మొహం చూడరు. ఇంట్లో ఉండేది నేను, అత్తయ్యగారు బంగారమ్మ, మావయ్యగారు గంగయ్య. రెండెకరాల రొయ్యల చెరువు ఉంది. దానికి కాపలా సరంగు. సరంగు అంటే లాంచీ నడిపేవాడని ఈ ప్రాంతం వాళ్ళకి చెప్పక్కర్లేదు. మా సరంగు మాత్రం కుక్క. మావయ్యగారి నావలో ఎప్పుడూ వెనక చుక్కాని దగ్గరే కూర్చుంటుందని ఆ పేరు.

నెల కిందట చెరువు గట్టు మీద దాన్ని రక్తపింజరి కరిచింది. ఆటోలో వేసుకుని అమలాపురం పరిగెత్తాం. మూడు రోజులు సెలైన్లు, విషానికి సూదులు. కుక్క బతికింది, పదకొండు వేల చిల్లర బిల్లు చూసి నేను సగం చచ్చాను. ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను, దీనికి ఇన్సూరెన్స్ చేయించి తీరాలని. దరఖాస్తులో వయసు మూడేళ్ళని రాద్దామనుకున్నాను. అది మావయ్యగారు చెప్పిన మాట. “జూలై వరదకి దొరికిందమ్మా” అని నాకే కాదు, పదిమందికీ చెబుతూ వచ్చారు.

మా లంకలో పుట్టినరోజులు ఎవరికీ గుర్తుండవు, వరదలు గుర్తుంటాయి. ఫలానావాళ్ళ పెళ్ళి పెద్ద వరదకి ముందు, ఫలానావాళ్ళ పిల్ల పుట్టింది నీరు తీసిన పదో రోజున. ఇలాగే ఉంటాయి మా లెక్కలు. జూలై వరద వచ్చి మూడేళ్ళు దాటింది. దానికి రెండేళ్ళ ముందు వచ్చింది ఆగస్టు వరద. నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చింది జూలై వరద తర్వాతి మాఘమాసంలో. అప్పటికే సరంగు వాకిట్లో ఉంది. అంతకుముందు సంగతి నాకు తెలీదు. మా ఆయన్ని అడిగితే, “రెండు వరదలకీ నేను విశాఖలోనే ఉన్నాను, నాన్ననే అడుగు” అన్నారు.

డాక్టరు గారు కుక్క పళ్ళు చూసి వయసు చెప్పారు. పళ్ళ లెక్క ఆగస్టు వరద వైపుంది.

* * *

తొమ్మిదింటికి లక్ష్మీతులసి స్కూటీ మా వాకిట్లో ఆగింది. తులసి, నేను రాజోలులో డిగ్రీ కలిసి చదివాం. ఇప్పుడు అమలాపురంలో ఉండి మనుషులకి, బళ్ళకి, గేదెలకి పాలసీలు చేయిస్తుంది. కుక్కకి చేయించడం తనకీ ఇదే మొదలు. అందుకని నాకంటే తనకే ఉత్సాహం ఎక్కువగా ఉంది.

“గేదెకైతే చెవికి బిళ్ళ కొడతామే. దీనికి ఫోటోలే గుర్తంట. ముందు నించి ఒకటి, పక్కల నించి రెండు, ముక్కు దగ్గరగా ఒకటి,” అంటూ సరంగు వెనకాల వాకిలంతా తిరిగింది. సరంగు ఫోటోలకి నిలబడే రకం కాదు. చివరికి అత్తయ్యగారు ఎండురొయ్య ఒకటి చూపిస్తే కూర్చుంది. నుదుటి మీద నామం పెట్టినట్టు తెల్లచార, ఎడమ ముందుకాలికి తెల్లగా మేజోడు తొడిగినట్టు మచ్చ. రెండూ బాగా పడ్డాయని తులసి మురిసిపోయింది.

మావయ్యగారు అరుగు చివర కూర్చుని చెరువులోకి దింపే మేత పళ్ళేన్ని బ్రష్షుతో రుద్దుతున్నారు. మా వైపు చూడటం లేదు. వినడం మాత్రం వింటున్నారని ఆ బ్రష్షు ఆగుతూ కదులుతూ ఉండడాన్నిబట్టి తెలుస్తూనే ఉంది.

తులసి దరఖాస్తు తీసింది. “జాతి?”

“నాటు.”

“నాటు అంటే విలువ పడదే. ఇలాంటి కుక్క బజార్లో ఎంతకి దొరుకుద్దో అంతే దీని విలువ.”

“ఇలాంటిది బజార్లో దొరకదు.”

“దొరకదు కాదు, ఊరికే దొరుకుద్ది. అదే కదా గొడవ,” అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. మూడు రోజులు ఆస్పత్రి బల్ల పక్కన స్టూలు మీద కూర్చున్నదాన్ని నేను.

తులసి దగ్గర రెండు పాలసీలున్నాయి. ఒకటి చవక. ఏడాదికి ఆరు వందలు. కుక్క చస్తే డబ్బొస్తుంది, ఎవరైనా ఎత్తుకుపోతే డబ్బొస్తుంది, అది ఎవరినైనా కరిస్తే వాళ్ళ వైద్యానికి వస్తుంది. దాని వైద్యానికి మాత్రం పైసా రాదు. రెండోది ఏడాదికి నాలుగు వేల దగ్గర. ఆస్పత్రి, ఆపరేషను, మందులు అన్నీ ఇందులోకి వస్తాయి. పాముకాటు ప్రమాదం కింద లెక్క కాబట్టి అదీ వస్తుంది. కాకపోతే బిల్లులో ఐదో వంతు మనమే పెట్టుకోవాలి, జబ్బులకైతే మొదటి నెలంతా ఏమీ ఇవ్వరు. ఇంకొక షరతు కూడా ఉంది. నాలుగేళ్ళు నిండిన కుక్కని కొత్తగా చేర్చుకోరు.

నాకు కావలసింది రెండోది. నాకు అందేది మొదటిది. ఇన్సూరెన్స్ అంటేనే ఇంతేమో అనిపించింది.

“బాబాయిగారూ, చవక పాలసీ అయినా చేయించేద్దామాండి? చస్తే కొంత చేతికొస్తది,” అంది తులసి మావయ్యగారితో.

బ్రష్షు ఆగింది.

“చస్తే డబ్బా?” అన్నారాయన.

“ఆయ్. మీరు సంతకం పెడితే చాలండి. పెంచుకున్నది మీరే కదా.”

“దాని చావు కాయితం మీద నేను సంతకం పెట్టనమ్మా.” గొంతు పెంచలేదు. పళ్ళెం అరుగు మీద బోర్లించి, తువ్వాలు భుజాన వేసుకుని చెరువు దారి పట్టారు. సరంగు ఎండురొయ్యని సగంలో వదిలేసి ఆయన వెనకాలే వెళ్ళింది.

తులసి నా వైపు జరిగి గొంతు తగ్గించింది. “ముసలాయన సంగతి వదిలెయ్. నువ్వు పెద్ద పాలసీయే తీసుకో. డాక్టరు గారు సుమారు అని రాసేరు కదే. సుమారంటే ఏడాదో రెండేళ్ళో అటూ ఇటూ ఉండదా? ఓసారి వెళ్ళి, మా మావయ్యగారు జూలై వరద అంటన్నారండీ అని చెప్పు. మూడున్నర అని రాస్తారు. పనైపోద్ది.”

దాచడం ఎందుకు, నాకు ఆశ పుట్టింది. మళ్ళీ పాము కరిస్తే అన్న భయంతో నెల రోజులుగా నేను నిద్ర సరిగా పోలేదు. చెరువు గట్టు మీద పాములకి కొదవ లేదు. నాలుగు వేలు కట్టేసి ఆ భయాన్ని ఎవరో కంపెనీవాళ్ళ నెత్తిన పెట్టేయొచ్చంటే ఎవరికి చేదు?

కానీ ఆ ఆశ పూర్తిగా తియ్యగా లేదు. రేపు నిజంగా పాము కరిచి, నేను బిల్లు పట్టుకుని వెళ్తే, కంపెనీవాళ్ళు దీని పళ్ళు చూపించమనరా? కట్టిన డబ్బూ పోయి, దొంగ రాతలు రాసినదాన్నన్న పేరూ మిగులుతుంది. పైగా మావయ్యగారు అబద్ధాలాడే మనిషి కాదు. నలభై ఏళ్ళు రేవులో నావ నడిపి, ఎక్కినవాడు చిల్లర లేదంటే రేపిద్దువుగాని అని దింపేసిన మనిషి. ఆయన మూడేళ్ళంటున్నారు, డాక్టరు ఐదంటున్నారు. ఇద్దరిలో ఒకరు పొరబడ్డారు, అంతేకదా అనుకున్నాను.

“ముందు ఏ వరదో తేల్చుకుని సాయంత్రం ఫోన్ చేస్తానే,” అన్నాను. తులసి ఖాళీ దరఖాస్తు నా చేతిలో పెట్టి వెళ్ళిపోయింది.

* * *

వంటింట్లో అత్తయ్యగారు రొయ్యలు ఒలుస్తున్నారు. ఎదురుగా కూర్చుని నేనూ నాలుగు చేతిలోకి తీసుకున్నాను.

“అత్తయ్యగారూ, సరంగు ఏ వరదకి దొరికిందండీ?”

“మీ మావయ్య ఏది చెప్తే అదే.”

“ఆయన జూలై అంటన్నారు. డాక్టరు గారు ఆగస్టు అంటన్నారు.”

ఆవిడ రొయ్యలన్నీ ఒలిచి, చేతులు కడుక్కుని, పైటకి తుడుచుకుంటూ అన్నారు: “జూలై వరద రాకముందు రెండేళ్ళు చెరువు పాకలోకి అన్నం మోసేనమ్మా. రోజూ రెండు గిన్నెలు. ఒకటి మనిషికి. రెండోది ఎవరికో నన్నడక్కు, ఆయన్నడుగు.”

“రెండేళ్ళు పాకలోనే దాచేరా? ఎందుకండీ?”

“నన్నడక్కన్నానుగా. నేను ఆయనకి మాటిచ్చేను,” అని ఆవిడ పొయ్యి వైపు తిరిగారు. ఆ వీపు చూస్తే ఇక ఒక్క ముక్క కూడా రాదని అర్థమైంది.

దరఖాస్తు మడిచి జాకెట్లో పెట్టుకుని చెరువుకి బయల్దేరాను. మనసులో ఏవేవో అనుమానాలు. కుక్కని రెండేళ్ళు దాచాల్సిన అవసరం ఎవరికుంటుంది? మా లంకలో చీమని దాచినా మూడో రోజుకి అందరికీ తెలిసిపోతుంది. ఆ పాక చెరువు అవతలి కొసన, సరుగుడు చెట్ల వెనక ఉండబట్టి ఈయనకి సాగింది.

పాక ఇంకా ఇరవై అడుగుల దూరం ఉండగా ఆయన గొంతు వినిపించింది. మెత్తగా, పసిపిల్లని పిలిచినట్టు పిలుస్తున్నారు.

“బూరె... బూరే...”

నేను ఆగిపోయాను. ఈ మాట నాకు కొత్త కాదు. కిందటి దసరా ముందు కూడా ఇలాగే చెరువు దగ్గర వినబడింది. పాపం మావయ్యగారికి బూరెల మీద మనసు పోయింది, చక్కెర జబ్బని ఇంట్లో ఎవరూ చేసిపెట్టడం లేదు అనుకున్నాను. అత్తయ్యగారు వద్దంటున్నా వినకుండా పూర్ణం బూరెలు చేసి, అరిటాకులో మూడు పెట్టి పట్టుకెళ్ళాను. ఆయన వాటికేసి చూసి, నాకేసి చూసి, కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. “బాగున్నాయమ్మా” అని రెండు తిని, మూడోది సరంగుకి పెట్టారు. కోడలు చేసిందని అంత ఆనందమా అని నేను వారం రోజులు గాల్లో నడిచాను. నా తెలివి అలా ఏడిసింది.

ఇప్పుడు పాక సందులోంచి చూస్తే, ఆ మాట వినగానే సరంగు తోకాడించుకుంటూ వచ్చి ఆయన మోకాళ్ళ మీద తల పెట్టింది. సరంగు అని ఎన్నిసార్లు పిలిచినా అంత మెత్తబడడం నేనెప్పుడూ చూడలేదు.

లోపలికి వెళ్ళి ఎదురుగా పీట మీద కూర్చున్నాను.

“మావయ్యగారూ, దీని పేరు బూరా అండీ?”

ఆయన చెయ్యి కుక్క తల మీద అలాగే ఉండిపోయింది. కాదని అనొచ్చు. నేను పొరబడ్డానని నవ్వేయొచ్చు. ఆయన అలా చెయ్యలేదు. ఎవరైనా అడిగితే బాగుండునని ఐదేళ్ళ నుంచి చూస్తున్నవాడిలా చెప్పడం మొదలుపెట్టారు.

“ఆగస్టు వరదకి అవతలి లంకలో జనం డాబాలెక్కేసేరు. నావ వేసుకెళ్ళేను. ఓ డాబా మీద తల్లీ, ఏడేళ్ళ పిల్లా. పిల్ల ఒళ్ళో ఇది. పిడికెడుంది. ముగ్గుర్నీ ఏటిగట్టు మీదికి చేర్చేను. అక్కణ్ణించి స్కూల్లోకి తీసుకెళ్ళడానికి బస్సొచ్చింది. మనుషుల్నే ఎక్కించుకుంటాం, కుక్కల్ని కుదరదన్నారు. ఆ పిల్ల ఏడవలేదమ్మా. దీన్ని నా చేతుల్లో పెట్టి, తాతా, దీని పేరు బూరె, నీరు తీసేక వస్తాను, అంతవరకూ చూస్తా ఉండండి అంది. ఆయ్, నా దగ్గరే ఉంటది అమ్మలూ, అన్నాను.”

“మరి రాలేదా అండీ?”

“వచ్చేరు. పన్నెండో రోజున వచ్చేరు.”

బయట చెరువులో ఏరియేటర్ల తెడ్లు నీళ్ళు చిమ్ముతూ తిరుగుతున్నాయి.

“మన రేవు కుర్రోడు అంజిబాబుని అడిగేరంట, గంగయ్య తాత ఏడీ అని. నేను ఈ పాకలోనే ఉన్నాను. ఇది నా ఒళ్ళో పడుకుంది. అంజిబాబు పరిగెత్తుకొచ్చి చెప్పేడు. లేద్దామనే అనుకున్నానమ్మా, నీ మీదొట్టు. కాళ్ళు రాలేదు. ఆ ఏడే మన రేవులోకి ఏరు దాటించే ఇంజను పంటు వచ్చింది. మోటారు సైకిళ్ళతో సహా అందరూ పంటే ఎక్కుతున్నారు. నలభై ఏళ్ళు గంగయ్యా అని అవతలి గట్టున కేకేస్తే వెళ్ళేవాణ్ణి. కేకేసేవాడు లేడు. వరదలో నాలుగు రోజులు పనికొచ్చేను, నీరు తియ్యగానే మళ్ళీ ఎవరికీ అక్కర్లేదు. ఇదొక్కటే నేను ఎటెళ్తే అటొచ్చేది. అందుకని...”

“అందుకని?”

“చచ్చిపోయిందని చెప్పెయ్యరా అన్నాను.”

సరంగు ఆవులించి, ఆయన పాదాల మీదికి ఒరిగింది.

“తల్లీపిల్లా రేవులో మెట్ల మీద చానాసేపు కూర్చున్నారంట. తర్వాత వెళ్ళిపోయేరు. వాళ్ళవాళ్ళెవరన్నా చూస్తారేమోనని రెండేళ్ళు దీన్ని ఇక్కడే ఉంచేను. జూలై వరదొచ్చేక, ఇప్పుడు దొరికిందని చెప్పి ఇంటికి తెచ్చేను. దాని చావు ఓసారి నేనే చెప్పించేనమ్మా. ఇప్పుడు చస్తే డబ్బిస్తారు, సంతకం పెట్టండంటే నా చెయ్యి ఎలా వస్తది?”

నాకు కోపం వచ్చింది. చాలా వచ్చింది. ఆ మెట్ల మీద కూర్చున్న పిల్ల నా కళ్ళ ముందు కదిలింది. ఏడేళ్ళ పిల్ల తాతని నమ్మి తన కుక్కపిల్లని చేతుల్లో పెట్టి వెళ్తే, ఆ తాత పాకలో దాక్కున్నాడు. ఆ తాత మా మావయ్యగారు. పెళ్ళైన కొత్తల్లో నేను ఇంటి మీద బెంగతో కుమిలిపోతుంటే, రోజూ పొద్దున్నే రేవు నుంచి నాకోసం మల్లెమొగ్గలు పొట్లం కట్టించి తెచ్చిన మనిషి. ఇద్దరూ ఒకరేనంటే మనసు ఒప్పుకోవడం లేదు. కోపం, జాలి రెండూ ఒక్కసారే వచ్చాయి.

జాకెట్లోంచి దరఖాస్తు తీసి మోకాలి మీద పరిచాను.

నెల రోజులుగా నేను వేసుకుంటున్న ప్రశ్న ఒక్కటే: కుక్కకి ఇన్సూరెన్స్ దండగా, పనికొస్తుందా? ఇప్పుడు దానికి జవాబు దానంతటదే తేలిపోయింది. నిజం వయసు రాస్తే వైద్యం ఇచ్చే పాలసీ మమ్మల్ని చేర్చుకోదు. చేర్చుకునే పాలసీ ఇచ్చేది చావుకి. ఆ డబ్బు ఈ ఇంట్లో ఎవరూ ముట్టుకోలేరు. కుక్క చిన్నగా ఉన్నప్పుడే, దాని టీకాల కార్డు, వయసు అన్నీ సరిగా ఉన్నప్పుడే ఎవరైనా చేయించుకుంటే మంచిదే, నేను కాదనను. కరిచే కుక్కయితే ఆ ఆరు వందలదీ దండగ కాదు. మాకు మాత్రం నెలకి మూడు వందలు పోస్టాఫీసులో వేసుకుని, చెరువు గట్టు మీద గడ్డి కోయించి, పాముల పుట్టలు పూడ్పించుకోవడమే మేలు. వచ్చే సోమవారమే ఖాతా తెరవాలని అనుకున్నాను కూడా.

అప్పుడు నా కళ్ళు దరఖాస్తులో మొదటి గడి మీద పడ్డాయి. పొద్దున తులసి చదవకుండా దాటేసిన గడి. నేను కూడా ఏముందిలే అనుకున్న గడి.

“వయసు ఐదేళ్ళని రాస్తాను మావయ్యగారూ,” అన్నాను. “యజమాని అన్నచోట ఎవరి పేరు రాయమంటారు?”

ఆయన కుక్క చెవి నిమురుతూ అన్నారు: “ఆ పిల్ల పేరు నాకు తెలీదమ్మా. అడగలేదు. అమ్మలూ అనే అన్నాను.”

ఆ మాటకి నా కోపం సగం కరిగిపోయింది. మిగిలిన సగంతో అన్నాను: “కనుక్కుందామండి. అవతలి లంకలో ఎవరో ఒకరికి తెలీకపోదు.”

“కనుక్కుని?”

“చచ్చిపోలేదని చెబుదాం.”

“తీసుకుపోతానంటే?”

నిజం చెప్పమని ఆయనకి చెప్పడం తేలిక. ఈ చెరువు గట్టు మీద సరంగు లేకుండా, ఈ మనిషి లేవడం, తిరగడం, తినడం ఎలా ఉంటుందో నేను ఊహించలేకపోయాను. పాము కాటుకి భయపడి నెల రోజులు నిద్ర పోలేదన్నానా? ఇప్పుడు పట్టుకున్న భయం అంతకంటే పెద్దది. దీనికి పాలసీలు లేవు.

* * *

మేం ఇంటికి వచ్చేసరికి పొద్దు వాలింది. అరుగు మీద కూర్చున్నామో లేదో తులసి ఫోన్.

“ఒసేయ్ దుర్గా, నన్ను తిట్టకే. పొద్దున తీసిన ఫోటో ఉందిగా, నామం బాగా పడిందని స్టేటస్‌లో పెట్టేను. కుక్కలకి కూడా పాలసీ చేయిస్తాం అని రాసి. దానికి తాటిపాక నించి ఒకావిడ గంట నించి ఒకటే ఫోన్లు. నాగదుర్గ గారని, నా కస్టమరే. స్కూటీకి పాలసీ చేయించేను. ఆ కుక్క ఎవరిది, ఏ ఊరు అని అడుగుతున్నారు. పాలసీ కోసమేమో అనుకుని నీ నంబరిచ్చేను. ఏమీ అనుకోవుగా?”

నేను ఏదో అనేలోపే ఇంకో కాల్ వస్తున్నట్టు ఫోను టకటకమంది. తెలియని నంబరు. తులసి కాల్ పెట్టేసి అది ఎత్తాను. మావయ్యగారికీ వినబడాలనిపించింది. స్పీకర్ నొక్కి అరుగు మీద పెట్టాను. అత్తయ్యగారు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు.

“నమస్కారమండి. విజయదుర్గ గారాండి? మీరేమీ అనుకోకండి, చిన్న సంగతండి,” అంది అవతల ఒక ఆడగొంతు. బాగా మర్యాదగా, బాగా మొహమాటంగా ఉంది. “ఐదేళ్ళ కిందట మా కుక్కపిల్లని వరదలో ఒకాయన దగ్గర వదిలేమండి. చచ్చిపోయిందని చెప్పేరు. మీ కుక్క ఫోటో చూసిన కాణ్ణించి మా అమ్మాయి అదేనంటదండి. నామమున్న కుక్కలు ఎన్నుండవు, ఇది కాదే అని నేనూ చెబుతూనే ఉన్నాను. అన్నం ముట్టుకోట్లేదండి. ఒక్కసారి మాట్లాడి పెట్టేస్తానంటంది. ఇమ్మంటారాండి?”

నేను మావయ్యగారి వైపు చూశాను. ఆయన అరుగు అంచు పట్టుకుని కూర్చున్నారు. ఇవ్వమనో వద్దనో ఆయన చెప్పాలని ఎదురుచూశాను. చెప్పలేదు. వద్దని మాత్రం అనలేదు.

“ఇవ్వండి,” అన్నాను.

ఫోను చేతులు మారిన చప్పుడు వినిపించింది. ఊపిరి తీసుకున్న చప్పుడు. ఆ పిల్ల నాతో మాట్లాడలేదు. నమస్కారం కూడా పెట్టలేదు.

“బూరే...” అంది. “బూరే...”

వాకిట్లో కొబ్బరిచెట్టు కింద పడుకున్న సరంగు తలెత్తింది. చెవులు నిక్కించి లేచింది. ఎప్పుడూ ఒకే గొంతులో వినే మాట, ఇవాళ ఇంకో గొంతులో ఎక్కణ్ణుంచి వచ్చిందా అని మావయ్యగారిని చూసింది, నన్ను చూసింది. మెల్లగా అరుగు దగ్గరికి వచ్చి ఫోనుని వాసన చూసి, ఒక్కసారి మొరిగింది.

అవతల ఆ పిల్ల ఏడుపు మొదలైంది. ఐదేళ్ళ కిందట గట్టు మీద ఏడవని పిల్ల.

ఆ ఏడుపు మావయ్యగారిని కదిలించింది. అరుగు మీదికి వంగి, ఫోనుకి దగ్గరగా నోరు పెట్టి, పాకలో నాకు చెప్పిన ఆ ఒక్క మాటే అన్నారు.

“అమ్మలూ...”

ఏడుపు టక్కున ఆగింది. ఆ గొంతుని ఆ పిల్ల గుర్తుపట్టిందని ఇవతల మా ముగ్గురికీ తెలిసిపోయింది.

“తాతా,” అంది మెల్లగా. “బూరె చచ్చిపోలేదా?”

మావయ్యగారు నోరు తెరిచారు.